మునివెంకటమ్మ దాచుకున్న రక్తపరీక్ష చీటీ

జంగమకోటెలో పట్టుపురుగులు పెంచే మునివెంకటమ్మ, రేషన్ కార్డు పెట్టుకున్న ప్లాస్టిక్ కవరులోనే ఒక రక్తపరీక్ష చీటీని కూడా దాచుకుంది. 2006 అక్టోబరులో ఆమెకు డెంగీ వచ్చింది. ఆరు రోజులు జ్వరం, రెండు వారాలు నీరసం, అంతటితో తగ్గింది. కోలుకున్నాక చింతామణిలోని ఒక చిన్న ల్యాబులో చేయించిన చివరి పరీక్ష చీటీ అది.

అమ్మవారు ఒకసారి పోసినవాళ్ళకు మళ్ళీ పోయదన్నది ఊరి నమ్మకం. అందుకే అమ్మవారు పోసిన ఇంట్లో రోగి పక్కన కూర్చోవడానికి, ముందే పోసినవాళ్ళను పిలుస్తారు. ఆ పద్ధతినే జనం డెంగీకీ వర్తింపజేశారు. వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా మునివెంకటమ్మకు కబురు వచ్చేది. "నాకు వచ్చి పోయినాదిలే" అంటూ ఆమె వెళ్ళేది.

2009 ఆగస్టులో వానలు పడ్డాయి. కొళాయి నీళ్ళు ఆరు రోజులకొకసారి వచ్చేవి కాబట్టి ప్రతి ఇంటి ముందూ సిమెంటు తొట్టి నిండుగా ఉండేది. దోమల పొగ యంత్రం వచ్చినప్పుడు, పొగకు పురుగులు చస్తాయని పెంపకందారులు దాన్ని వీధి మొదట్లోనే ఆపించారు. ఆపినవారిలో మునివెంకటమ్మ కూడా ఉంది. ఆ నెలలోనే పక్కింటి తిమ్మక్కకు డెంగీ వచ్చింది. నాలుగు రోజులు ఆమె పక్కన కూర్చున్నది మునివెంకటమ్మే. తిమ్మక్క కోలుకుంది. రెండు వారాల తరువాత, ఒక సోమవారం, మునివెంకటమ్మకు జ్వరం పట్టుకుంది.

బుధవారం కొడుకు అంబరీష్ ఆమెను అదే ల్యాబుకు తీసుకువెళ్ళాడు. అక్కడ ఇరవై రెండేళ్ళుగా రక్తకణాలు లెక్కపెడుతున్న గురప్ప చేతికి ఆమె కవరులోని చీటీ ఇచ్చింది.

"ఇది డెంగీ కాదప్పా. అది మూడేండ్ల కిందనే వచ్చి పోయినాది. రాసిండాది చూడు."

గురప్ప చీటీని రెండుసార్లు చదివాడు. పరీక్షలో మళ్ళీ డెంగీయే తేలింది. తెల్లకణాలు 2,800కు పడిపోయాయి. అతను ఫలితంతో పాటు పాత చీటీని కూడా స్వయంగా పక్కనున్న ఆసుపత్రి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళాడు. డాక్టరు ఆమెను వెంటనే చేర్చుకున్నాడు.

శుక్రవారం ఉదయానికి జ్వరం దిగింది. 98.6. ఆమె చీర సర్దుకుని ఇంటికి బయలుదేరింది. పురుగులు చివరి దశలో ఉన్నాయి, రోజుకు ఐదుసార్లు ఆకు వేయాలి. అంబరీష్ కూడా పంపించమనే అడిగాడు. రక్తం తీయడానికి వచ్చిన గురప్ప, జ్వరం దిగిన మొదటి రెండు రోజులే గండమని చెప్పాడు. ఒకసారి వచ్చినవాళ్ళకు భయమేమిటని ఆమె అడిగింది.

"డెంగీలో నాలుగు రకాలుండాయమ్మా. పాతదానికి నీ ఒంట్లో కావలోళ్ళు తయారైనారు. వాళ్ళు ఈ కొత్త దొంగను పట్టుకుంటారు గానీ చంపలేరు. చెయ్యి పట్టుకోని తెల్లకణం లోపలికే తోడుకోని పోతారు. ఆ దొంగ ఆడ కూర్చోని పిల్లల్ని పెడతాది."

"దొంగకు తలుపు తీసేవాళ్ళకు మూడేండ్లు కూడు పెట్టినానా నేను?" అంది మునివెంకటమ్మ.

గురప్ప నవ్వకుండా సూది తీశాడు.

రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే భాగాన్ని ల్యాబులో పీసీవీ అంటారు. ఆ ఉదయం అది 44 వచ్చింది. ఆడవారికి 44 మామూలు హద్దుల్లోనిదే. ఆ ఒక్క అంకెను చూసి ఎవరూ కలవరపడరు. కానీ పాత చీటీలో, ఆరోగ్యంగా ఉన్నప్పటి ఆమె పీసీవీ 36. అంటే ఇరవై రెండు శాతం పెరిగింది. ఎర్రకణాలు పెరగలేదు, రక్తంలోని నీరు నాళాల నుంచి బయటికి కారిపోతున్నది. డాక్టరు వచ్చి చూసేసరికి ఆమె చేతులు చల్లబడి ఉన్నాయి. రక్తపోటు 96, 74. ఆ రెండింటి మధ్య దూరం తగ్గుతున్నది, అది ప్రమాద సూచన. వెంటనే సెలైన్ ఎక్కించారు. ఉదయమే బయలుదేరి ఉంటే, ఆ సమయానికి ఆమె ఊరి దారిలో హెచ్. క్రాస్ దగ్గర బస్సు మారుతూ ఉండేది.

ఆ రోజంతా గురప్ప నాలుగు గంటలకొకసారి వచ్చి వేలి నుంచి రక్తం తీసుకున్నాడు. అంబరీష్ ప్రతిసారీ అతని ముఖం చూసేవాడు. సాయంత్రం 43. శనివారం 40. ఆదివారం ఉదయం 37. ఆ అంకె చెప్పినప్పుడు అంబరీష్ గోడకు ఆనుకుని నేలమీద కూర్చుండిపోయాడు. మునివెంకటమ్మ అరికాళ్ళు దురద పెడుతున్నాయని విసుక్కుంది. అది కోలుకుంటున్న గుర్తని డాక్టరు చెప్పాడు. మధ్యాహ్నం రాగిముద్ద అడిగి, సగం తిన్నది.

ఇంటికి వెళ్ళేసరికి తట్టల్లో పురుగులు ఆరోగ్యంగా ఉన్నాయి. ఆమె లేనన్ని రోజులూ తిమ్మక్క ఆకు కోసి వేసింది.

కవరులో ఇప్పుడు రెండు చీటీలున్నాయి. సిమెంటు తొట్టిమీద పాత చీర కట్టారు, వారానికొకసారి తోమి ఆరబెడుతున్నారు. వీధిలో జ్వరం వస్తే మునివెంకటమ్మకు ఇప్పటికీ కబురు వస్తుంది, ఆమె ఇప్పటికీ వెళుతుంది. కానీ వెళ్ళగానే దోమతెర కట్టిస్తుంది. తరువాత రోగి పక్కన కూర్చోక ముందే అడుగుతుంది:

"ముందెప్పుడన్నా వచ్చిండాదా? చీటీ యాడ పెట్టినారు?"