అయ్యగారికి తొలి గిన్నె

చోడవరంలో జాకెట్లు కుట్టే ఏసుమణి ఎవరి మాటా కాదనదు. ఊళ్ళో ఆమెకున్న మంచిపేరంతా దానివల్లే. స్త్రీల కూడికకు చాపలు పరిచేది ఆమె, అందరూ వెళ్ళాక వాటిని చుట్టబెట్టేదీ ఆమె. ఇంట్లో కొత్త వంట ఏది చేసినా, పెరట్లో తొలికాయ కోసినా, ముందు ఒక గిన్నె చర్చి అయ్యగారికి పెట్టాలి. ఆయన ప్రార్థన చేసి రుచి చూశాకే ఇంట్లోవాళ్ళు ముట్టాలి. రోలుగుంటలోని పుట్టింటి నుంచి తెచ్చుకున్న పద్ధతి అది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఒక్కసారీ తప్పలేదు. పద్ధతి మంచిదే కావచ్చు. కడుపు నిండినవాళ్ళ ఇంట్లో ఏ పద్ధతైనా మంచిదే.

ఆమె భర్త ఫెలిక్స్ మోటార్లకు వైండింగ్ చేసేవాడు. బుచ్చయ్యపేట నుంచి చీడికాడ దాకా చెరకు తోటల్లో కాలిపోయిన మోటార్లు ఆయన చేతుల్లోనే మళ్ళీ తిరిగేవి. మనిషి భోజనప్రియుడు. కూరలో ఉప్పు తగ్గితే ఆ పూటంతా మాట్లాడేవాడు కాదు. అలాంటివాడికి జబ్బు ఎక్కడా చోటు లేనట్టు అన్నం దిగే దారిలో పుట్టింది. మొదట ముద్ద అడ్డం పడింది, తర్వాత జావ కూడా కష్టమైంది. విశాఖపట్నంలో డాక్టర్లు చూసి పొట్టకు గొట్టం వేస్తామన్నారు. ఇక బతికినన్నాళ్ళూ తిండి ఆ గొట్టంలోంచే, నోటితో ఏమీ తినకూడదు. ఫలానా రోజు రాత్రికల్లా వచ్చి ఆసుపత్రిలో చేరాలనీ, ఆ సాయంత్రం ఆరు దాటాక మంచినీళ్ళు కూడా ఇవ్వొద్దనీ చెప్పి పంపారు.

ఆ రోజు రానే వచ్చింది. నోటితో తినడానికి ఫెలిక్స్‌కు మిగిలింది ఆ ఒక్క పగలే.

"ఏటి తినాలనుంది?" అని అడిగింది ఏసుమణి.

"అమ్మ సేసీది సూడు, బేరికాయల పాకం. అది సెయ్యే," అన్నాడు ఫెలిక్స్. గొంతు అప్పటికే బొంగురుపోయింది.

ఫెలిక్స్ తల్లి చిన్నప్పుడు మిషనరీల బంగళాలో దొరసాని వంటింట్లో పనిచేసింది. కాయల్ని ఉడకబెట్టి పాకంలో తినడం అక్కడే నేర్చుకుంది. దొరసాని పంచదారతో చేయిస్తే, ఈవిడ ఇంటికొచ్చి చోడవరం బెల్లం వేసింది. ఏటా క్రిస్మస్‌కు చేసేది. ఆవిడ పోయాక ఇంట్లో ఎవరూ చేయలేదు. బేరికాయలు ఈ ఊళ్ళో రోజూ దొరికేవి కావు మరి.

ఏసుమణి పొద్దున్నే అనకాపల్లి బస్సెక్కి, పళ్ళ దుకాణాలన్నీ తిరిగి, గట్టిగా ఉన్న కాయలు ఏరి తెచ్చింది. తొక్క తీసి, నడిమికి కోసి, గింజల భాగం తవ్వేసింది. బెల్లం నీళ్ళలో కరిగించి గుడ్డలో వడగట్టింది. అందులో ముక్కలు వేసి, దాల్చినచెక్క, రెండు లవంగాలు పడేసి, స్టవ్ సిమ్‌లో పెట్టింది. అత్తగారు చేస్తుంటే పక్కన నిలబడి చూసిందే తప్ప తాను ఎన్నడూ చేయలేదు. అయినా చెంచా తగిలితే ముక్క విడిపోయేంత మెత్తగా ఉడికింది, పాకం ఎర్రగా చిక్కబడింది. వాసన వీధి దాకా వెళ్ళింది. ఫెలిక్స్ మంచం మీద లేచి కూర్చున్నాడు.

ఏసుమణి ఒక గిన్నెలో వేసి, మెత్తగా మెదిపి, ఆయన ఎదుట స్టూలు మీద పెట్టింది. అప్పటికి మధ్యాహ్నం మూడయింది. ఉదయ్‌కుమార్ అయ్యగారు ఆసుపత్రి ప్రయాణానికి ముందు ప్రార్థన చేయడానికి ఆ వేళకే వస్తానన్నారు. ఫోన్ చేస్తే, బుచ్చయ్యపేటలో ఒక కాంట్రాక్టరుగారి కొత్త కారుకు ప్రార్థన జరుగుతోందనీ, ఐదు నిమిషాల్లో బయల్దేరుతున్నాననీ చెప్పారు.

ఫెలిక్స్ చెంచా అందుకున్నాడు. ఏసుమణి ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఆగండి. అయ్యగారు ఒచ్చెస్తన్నారు. ప్రార్థన అవ్వకుండా ముట్టుకుంటామేటి? రేపు ఆపరేషన్ పెట్టుకుని."

ఆమె భయం అదే. ఇన్నేళ్ళు తప్పనిది ఈ పూట తప్పితే, రేపు కత్తి కింద ఏమవుతుందోనని. ఫెలిక్స్ చెంచా పెట్టేశాడు. మోటారు సంగతి తనది, దేవుడి సంగతి భార్యది అని ఎప్పుడో పంచుకున్న కాపురం వాళ్ళది.

నాలుగయింది. ఐదయింది. పక్కింటి అచ్చియ్యమ్మ చూడటానికి వచ్చి, స్టూలు మీద చల్లారిన గిన్నెనూ, దాన్నే చూస్తున్న మనిషినీ చూసింది.

"ఒసే ఏసుమణీ, రెండు సెంచాలు నోట్లో పెట్టీవే. మీ దేవుడికి ఆకలంటే తెల్దేటి?"

"ప్రార్థన అవ్వాల కదా పిన్నీ."

"అయితే నువ్వే సెయ్. నీకు రాదేటి?"

ఏసుమణికి రాకపోవడమేమిటి. స్త్రీల కూడికలో ఊరందరి జబ్బుల కోసం కన్నీళ్ళతో ప్రార్థించేది ఆమే. కానీ అయ్యగారు వస్తానన్నాక, ఆయన్ని దాటి తానే ఆశీర్వదించేసుకోవడం ఆమె ఊహకు అందని సంగతి. "అయ్యగారుండగా నేనా?" అంది. అచ్చియ్యమ్మ మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది. ఆ ముసలమ్మ పాటి తెలివి ఆ పూట ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

ఆరు కొట్టింది. ఏసుమణి లేచి గిన్నె తీసింది.

"ఒక్క సెంచా పెట్టవే," అన్నాడు ఫెలిక్స్.

"ఆరు దాటితే ఒద్దన్నారు కదండీ."

మధ్యాహ్నమంతా అయ్యగారి మాట విన్న మనిషి, ఆరవగానే డాక్టరుగారి మాట విన్నది. అందరి మాటా విన్నది, మంచం మీదున్నవాడి మాట తప్ప.

అయ్యగారు ఆరుంపావుకు వచ్చారు. నిదానంగా, కన్నీళ్ళతో ప్రార్థన చేశారు. వచ్చిన దైవజనుణ్ణి ఉత్త నోటితో పంపకూడదు గనక ఏసుమణి ఒక గిన్నెలో పాకం తెచ్చి ఇచ్చింది. ఆయన తిని, చాలా బాగుందమ్మా అని, ఇంకో గిన్నె అడిగి తిన్నారు. మిగిలింది తమ ఇంట్లో అమ్మగారి కోసం డబ్బాలో పెట్టించుకున్నారు. ఫెలిక్స్ మంచం మీంచి చూస్తూనే ఉన్నాడు. నోట్లో ఊరిన నీళ్ళు మింగుడుపడక తువ్వాలుతో తుడుచుకున్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. అయ్యగారు ఆ సంగతి సాక్ష్యంగా చర్చిలో చెప్పారు, ఈ కుటుంబం విధేయతను అందరూ నేర్చుకోవాలన్నారు. ఏసుమణి తల వంచుకుని కూర్చుంది. అప్పుడు లేచి చాపలు విసిరేసి వచ్చేయాలనిపించింది ఆమెకు. రాలేదు, కూడిక అయ్యాక చాపలు చుట్టబెట్టే వచ్చింది.

ఇప్పుడు ఫెలిక్స్‌కు పూట పూటకీ రాగిజావ పల్చగా కాచి, గొట్టంలో పోస్తుంది. వేడెంతో, ఉప్పెంతో ఆయనకు అక్కర్లేదు. మొన్నొక మధ్యాహ్నం జావ పోస్తుంటే ఆయన ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ రోజు బేరికాయలెలా కుదిరేయే?"

ఏసుమణికి తెలియదు. తాను కూడా రుచి చూడలేదు.

"ఏటీ బాగోలేదండి. బెల్లం మాడిపోయింది, సేదెక్కిపోయేయి. మీరు తినకపోడమే మంచిదయ్యింది," అంది తల ఎత్తకుండా.

"మరి అయ్యగారు రెండు గిన్నెలు తిన్నారు కదే," అన్నాడు ఫెలిక్స్.