టీ తాగేలోపే వచ్చిన రిపోర్టు

ఈ రోజు గోడౌన్ ఆఫీసులో గట్టిగా కేక వేశాను, ఇంకా ఆ హుషారు తగ్గలేదు!

ఇక్కడ గల్ఫ్‌లో, షువైఖ్‌లోని మా గోడౌన్‌లో సాయంత్రం స్టాకు రిపోర్టు తీయందే స్టోర్‌కీపర్ సుబ్బరాయుడన్న కదలడానికి లేదు. నేను రాసిన జావా ప్రోగ్రామేమో డేటాబేస్ నుంచి ఒక్కో వరుసా తెచ్చుకుని లెక్క కట్టేది. అది ముగిసేసరికి కంపెనీ బస్సు వెళ్లిపోయేది. కడప మనిషి, పాపం, నన్ను ఒక్క మాట అనలేదు.

ఈ రోజు ఆ లెక్కంతా స్టోర్డ్ ప్రొసీజర్‌గా, అంటే డేటాబేసే సొంతంగా నడుపుకునే చిన్న ప్రోగ్రాంగా రాసి డేటాబేస్‌లోనే పెట్టాను. జావా దాన్ని పిలిచి, జవాబు తెచ్చుకుంటుంది, అంతే. అన్న బటన్ నొక్కి, అలవాటుగా టీకి లేచాడు. ఈలోపే తెర నిండా అంకెలు, నేను కేక వేశాను!

"ఏం సామీ, చెడిపాయనా ఏంది?"

"లేదన్నా, రిపోర్టు వచ్చేసింది."

"అప్పుడే ఖలాసా? ఉండు, మల్లా ఒగసారి నొక్కుతా."

మళ్లీ అవే అంకెలు. నిన్నటి తేదీకీ తీసి, పాత పద్ధతిలో నిన్న వచ్చిన రిపోర్టుతో సరిపోల్చాం, అన్నీ కలిశాయి. అన్న నా భుజం చరిచి, టీ మాట మరిచి బస్సుకు పరుగెత్తాడు.

నేను మాత్రం కూర్చుని, అవసరం లేకపోయినా ఆ బటన్‌ను మళ్లీ మళ్లీ నొక్కుకుంటూ మురిసిపోయాను. ఇలాంటి పిచ్చి మీకూ ఉంటే చెప్పండి, కాస్త ధైర్యంగా ఉంటుంది.