పళ్ల మధ్య వల

“గట్ల నానవెడితే నేనెట్ల ఇసరాలె అత్తమ్మా? లేపనీకే వస్తలేదు!”

“మరి సెర్వుల నీళ్లుండయా పిల్లా? ఒక్కసారి ఇసిరినంక వల తడవదా? ఆరేదాంక గట్టుమీద కూసుంటవా?”

“ఎల్లేషు పొడిదే ఇసురుమన్నడు. ఫోన్ల గూడ జూపెట్టిండు.”

“వాని మాట వట్టుకున్నవా! వాడు ఇసిరిన వల నేను జూడలేదా? దుప్పటి ఆరేసినట్టుండె.”

మెట్ల మధ్యలోనే ఎల్లేష్ కాలు ఆగిపోయింది. ఒక చేతిలో హెల్మెట్, వీపు మీద డెలివరీ సంచి. ఇంత తిని మళ్లీ పార్శిళ్లు పట్టుకుని పోదామని వచ్చినవాడికి, డాబా మీద తన పేరుతోనే పంచాయితీ నడుస్తోందని ఏం తెలుసు? అరుస్తున్నది వాళ్లమ్మ సాలమ్మ. ఎదురు చెబుతున్నది వదిన యమున. వెనక్కి తిరిగి జారుకుందామనుకున్నాడు గాని వంటింట్లోంచి పులుసు వాసన వస్తోంది. ఆకలి ముందు పరువు ఎంతసేపు నిలబడుతుంది? వడ్డించేవాళ్లు పైనే ఉన్నారు, పైకే వెళ్లాడు.

సంగతి ఏమిటంటే, ఎల్లేష్ తండ్రి కుర్మయ్య శామీర్‌పేట చెరువు మీద చేపలు పట్టే సంఘంలో సభ్యుడు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ నీళ్ల మీదే బతికాడు. ఈ ఏడు ఆయనకు తల తిరుగుడు పట్టుకుంది. తెప్ప మీద నిలబడితే నీళ్లు ఊగినట్టు కాక ఆకాశం ఊగినట్టు ఉంటోందన్నాడు. నీళ్లలోకి దిగితే నా దగ్గరకు రావద్దన్నాడు డాక్టరు. సంఘంలో ఆయన స్థానం ఇంట్లో ఇంకొకరికి ఇస్తారు, కాకపోతే ఊరికే ఇవ్వరు. చేపల శాఖ ఆఫీసరు ముందు ఈత కొట్టాలి, చిరిగిన వల అల్లాలి, విసురు వల విసిరి చూపాలి. వచ్చే ఆదివారమే పరీక్ష. ఎవరూ నెగ్గకపోతే ఆ స్థానం వరసలో కాచుకుని ఉన్న మరో ఇంటికి పోతుంది. ఆ తర్వాత కుర్మయ్య ఇంటివాళ్లు కూడా పట్నం నుంచి సెల్ఫీలు దిగడానికి వచ్చేవాళ్ల పక్కన నిలబడి చెరువును చూసుకోవాల్సిందే.

ఇంట్లో మగపిల్లలు లేరా అంటే ఇద్దరున్నారు. పెద్దవాడు పరమేశ్, యమున మొగుడు, మందుల కంపెనీ బస్సు నడుపుతాడు. పొద్దున్నే పేట్ బషీరాబాద్ నుంచి పనివాళ్లను ఎక్కించుకుని వస్తాడు. రింగురోడ్డు మీద లారీల మధ్యలోంచి బస్సును పాములా తీసుకొచ్చే ఆ మనిషికి నీళ్లంటే భయం. చిన్నప్పుడు తెప్ప మీంచి పడ్డాడు. అప్పటి నుంచి తలస్నానం కూడా కళ్లు తెరుచుకునే చేస్తాడు.

రెండోవాడు ఎల్లేష్. పోయిన ఏడు కొత్త సభ్యత్వం కోసం వీడూ పరీక్షకు నిలబడ్డాడు. ఈత దుమ్ము లేపాడు. వల దగ్గర మాత్రం దుమ్ము తిన్నాడు. డాబా మీద పొడి వలతో సాధన చేసి హీరోలా వెళ్లాడు. మొదటి విసురు అటూ ఇటూ పోయింది. రెండోసారికి వల నీళ్లు తాగి బరువెక్కింది. విసిరిన వలతోపాటు తనూ వెళ్లాడు. ఆ వీడియో ఊరి వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ ఎవరి పుట్టినరోజు వచ్చినా తిరుగుతుంది.

ఇక మిగిలింది యమున. సంఘంలో ఆడవాళ్లు ఉన్నారు, మొగుడు పోయాక పేరు ఎక్కించుకున్నవాళ్లు. కాని పరీక్షలో వల పట్టుకుని నిలబడిన ఆడమనిషిని ఈ ఊరు చూడలేదు. “కూడదని ఏడనన్న ఉన్నదా మామా?” అని యమున అడిగితే కుర్మయ్య చాలాసేపు ఆలోచించి, “లేదు బిడ్డా, ఎవ్వరు అడగలే” అన్నాడు. అంతే, ఆ పూటే దరఖాస్తు ఇచ్చేసింది.

యమునది మేడ్చల్ పక్కన గౌడవెల్లి. వాళ్ల నాయిన కౌలు భూమిలో పాలకూర, టమాట వేసేవాడు. నడుముకు ఖాళీ నూనె డబ్బా కట్టుకుని పొలం బావిలో ఈత నేర్చుకుంది. ఇంటర్ అయింది, పెళ్లయింది, శామీర్‌పేట వచ్చింది. వచ్చిన కొత్తలో చేపను తోమడం చేతకాక సబ్బు పెట్టి కడిగింది. ఆ పులుసును కుర్మయ్య కిక్కురుమనకుండా తిన్నాడు. మంచినీళ్లు మాత్రం చెంబు ఖాళీ చేశాడు.

యమునకు ఏ పనీ మొదటిసారి రాదు. ఇది ఇంటిల్లిపాదికీ తెలుసు, అందరికంటే ముందు ఆమెకే తెలుసు. అందుకే సిగ్గుపడదు. స్కూటీ నేర్చుకునేటప్పుడు కొత్త వెంచరు ప్రహరీగోడకు నేరుగా వెళ్లి గుద్దింది. లేచి చున్నీ దులుపుకుని మళ్లీ కిక్కు కొట్టింది. ఇప్పుడు వెనక అత్తను, ముందు గ్యాసు బండను పెట్టుకుని బహదూర్‌పల్లి దాకా వెళ్లొస్తుంది. మందుల పెట్టెలు సర్దే పనిలో చేరితే పక్కన అందరూ బిహారు, ఒడిశా అమ్మాయిలు. వాళ్లతో కలిసి తింటూ హిందీ నేర్చుకుంది. మొదట్లో ఆమె హిందీ విని వాళ్లు అన్నం మెతుకులు ముక్కులోకి పోయేట్టు నవ్వేవాళ్లు. అక్కడ పెట్టెలు సర్దే మిషన్ వచ్చి సగం మందిని పంపించేస్తే, ఆ మిషన్ నడపడం నేర్పమని సూపర్‌వైజర్ వెంటపడి నేర్చుకుని నిలబడింది. రేపు ఆ మిషన్‌ను నడిపే మిషన్ వస్తుందని ఆమె అనుమానం. చెరువు పట్టు అందుకే కావాలి ఆమెకు. “చెర్వుకు మిషన్ రానీ, జూద్దాం” అంటుంది.

ఎల్లేష్ లెక్క వేరు. వీడికి ఏ పనైనా మొదటిసారే వచ్చేస్తుంది. రెండోసారికి విసుగొస్తుంది. ఇంజనీరింగ్ రెండో ఏడు వదిలేశాడు, మొబైల్ షాపు వదిలేశాడు, కారు నడపడం వదిలేశాడు. ఇప్పుడు ఈ డెలివరీ మీద కూడా మనసు విరిగింది. ఆ సంగతి ఇంకా ఇంట్లో చెప్పలేదు.

డాబా మీదికి వచ్చేసరికి సాలమ్మ నీళ్ల డ్రమ్ములోంచి వల బయటికి లాగుతోంది.

“వచ్చిండు గురువు,” అంది కొడుకును చూసి. “నీ శిష్యురాలు తడి వల ముట్టదంట.”

“నన్నెందుకు లాగుతవమ్మా? నాకు ఆకలైతుంది.”

“ఓడిపోయినోని దగ్గర నేర్సుకునుడేందని అడుగుతున్న.”

“అమ్మా, ఇజ్జత్ తియ్యకు.”

“ఉంటె గద తీసుడు!”

యమున ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతో కోపం దిగిపోయి, తడి వల అందుకుంది. సాలమ్మ వెనక నిలబడి ఆమె మోచేతులు పట్టుకుని సరిచేసింది. కొంత వల ఎడమ మోచేతి మీద, కొంత భుజం మీద, సీసం గుండ్లు ఉన్న అంచు ఒకచోట పళ్ల మధ్య. “చేతులతోటి గాదు పిల్లా, నడుముతోటి. తిరుగు. వల పోంగనే పళ్లు ఇడువు. ముందుగాల ఇడిస్తే కుప్ప పడ్తది, ఇడువకుంటే పన్నే పోతది.” సాలమ్మ పుట్టింటివాళ్లూ చేపలవాళ్లే. పెళ్లికి ముందు తనూ విసిరేదట. ఈ ఇంటికి వచ్చాక ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

యమున తిరిగింది, విసిరింది. వల వెళ్లి డిష్ యాంటెన్నాకు చిక్కుకుంది. కింద కుర్మయ్య చూస్తున్న వార్తలు ఆగిపోయాయి.

“ఏం వడ్డయి సాలక్కా? జెల్లలా, బొచ్చెలా?” అని ఎదురింటి డాబా మీంచి రుక్కమ్మ అడిగింది.

“నీ కండ్లు వడ్డయి!” అంది సాలమ్మ.

ఆ రోజు నుంచి అత్తాకోడళ్లు తెల్లారేసరికి చెరువు అంచున ఉండేవాళ్లు. స్కూటీ ముందు వల, వెనక సాలమ్మ. ఎల్లేష్ కూడా వెళ్లేవాడు, నిజం చెప్పాలంటే నవ్వుకోవడానికి. ఒకరోజు పెళ్లికి ముందు ఫొటోలు దిగడానికి ఒక జంట వచ్చింది. ఎర్ర గౌను తోక నేల మీద ఈడ్చుకుంటూ పిల్ల, చెమట తుడుచుకుంటూ పిల్లగాడు. వెనకాల వల లేస్తే బాగుంటుందని ఫొటోగ్రాఫరు యమునను మళ్లీ విసరమన్నాడు. మళ్లీ అన్నాడు. ఇంకోసారి అన్నాడు. అడిగిన ప్రతిసారీ ఆమె “సరే అన్నా” అంది. సాలమ్మ ఒళ్లు మండి, “నీ పెండ్లి ఫొటోలల్ల మా వల ఎందుకయ్యా, పిల్ల పారిపోతదని భయమా?” అని అడిగింది. పెళ్లికూతురే అందరికంటే ముందు నవ్వింది.

ఎల్లేష్‌కు అప్పుడే ఒకటి అనిపించింది. వదిన ఎవరు అడిగినా కాదనదు, ఎవరు పిలిచినా ఊకొడుతుంది. ఇంట్లో ఏ మూల నుంచి పిలిచినా, చేతిలో ఏ పని ఉన్నా, “ఆ, వస్తున్న” అనేది ముందు వస్తుంది, మనిషి తర్వాత వస్తుంది. అట్లా పెంచారు, అట్లా పెరిగింది.

ఆదివారం కట్ట మీద టెంటు వేశారు. ఆఫీసరు ఫణిభూషణ్ పడుచువాడు, మెత్తగా మాట్లాడతాడు. పక్కన సంఘం అధ్యక్షుడు జైపాల్, ఆయన మెత్తగా మాట్లాడడు. పరీక్షకు వచ్చిన కుర్రాళ్లలో సగం మంది కంపెనీల్లో పనిచేసేవాళ్లే. ఒకడు జిమ్ము కండలు చూపడానికి చొక్కా ముందే విప్పి కూర్చున్నాడు. ఈతలో వాడే అందరికంటే ముందు అలిసిపోయాడు.

యమున చున్నీ నడుముకు బిగించి దిగింది. బావిలో నేర్చుకున్న ఈత గదా, నీళ్లను కొట్టినట్టే ఉంటుంది. చప్పుడెక్కువ. అయినా వెళ్లింది, వచ్చింది. వల అల్లడం కూడా గడిచింది. ఇక విసరడం. మనిషికి రెండు విసుర్లు.

మోకాలి లోతు నీళ్లలో నిలబడింది. మోచేతి మీద వల, భుజం మీద వల, అంచు పళ్ల మధ్య. ఎల్లేష్ ఫోను తీసి వీడియో పెట్టాడు. నడుము తిప్పింది. సరిగ్గా వల చేతుల్లోంచి లేచే సమయానికి ఫణిభూషణ్ కాగితంలోంచి తలెత్తి, “అమ్మా, మీ పేరు?” అన్నాడు.

“యమున సార్!”

పళ్లు ఊడిపోయాయి. అంటే వల మీంచి. మొత్తం కుప్పగా ఆమె కాళ్ల ముందే పడింది. కట్ట మీద ఒక్కసారిగా నవ్వులు.

“పేరైతే మంచిగనే చెప్పినవ్,” అన్నాడు జైపాల్. “ఇగ వల సంగతి జెప్పు.”

పరమేశ్ మొహం తిప్పుకున్నాడు. కుర్మయ్య బీడీ వెలిగించబోయి, మరిచిపోయి అగ్గిపుల్ల కాలేదాకా పట్టుకున్నాడు. ఎల్లేష్ ఫోను జేబులో పెట్టేశాడు. ఎందుకో ఈ వీడియో గ్రూపులో తిరగకూడదనిపించింది.

యమున తడి వలను గుంజుకుని, నీళ్లు పిండి, మళ్లీ మోచేతి మీదికి తీసుకుంది. తొందరేం లేదన్నట్టు మడతలు సరిచూసుకుంది. అంచు పళ్ల మధ్య పెట్టింది.

“రెడీనా అమ్మా?” అని ఫణిభూషణ్ అడిగాడు. జవాబు లేదు.

“ఏమ్మో, సారు అడుగుతుండు, చెప్పరాదు?” అన్నాడు జైపాల్. జవాబు లేదు.

“యమునా, పైలం!” అని పరమేశ్. లేదు.

“నడుము, పిల్లా, నడుము!” అని సాలమ్మ. దానికీ లేదు. ఇన్నేళ్లలో అత్త పిలుపుకు కోడలు పలక్కపోవడం ఎల్లేష్ చూడటం అదే మొదలు. సాలమ్మ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊరుకుంది.

యమున తిరిగింది. వల లేచింది. గుండ్రంగా విచ్చుకుందని చెబితే అబద్ధం. ఇంకా చేయి తిరగనివాళ్లు కొట్టిన జొన్నరొట్టెలా ఒక పక్క సాగి, ఒక పక్క ముడుచుకుని ఉంది. కాని విచ్చుకుంది. గుండ్లన్నీ ఒకేసారి నీళ్లను తాకిన చప్పుడు కట్ట దాకా వినబడింది. మెల్లగా లాగింది. రెండు చిన్న జెల్లలు, ఎవరిదో చెప్పు.

అప్పుడు టెంటు వైపు తిరిగి నోరు తెరిచింది.

“రెడీనే సార్.”

ఫణిభూషణ్ నవ్వు ఆపుకోలేక కాగితం అడ్డం పెట్టుకుని, దాని మీదే టిక్కు కొట్టాడు. జైపాల్ మాత్రం, “సారు పిలిస్తే పలకదేంది గీ పిల్ల?” అని గొణిగాడు. “పలికింది గద,” అన్నాడు కుర్మయ్య. “జర ఆలిస్యమైంది.”

ఇంటికి బయలుదేరే ముందు జైపాల్ కొత్త సభ్యులందరినీ నిలబెట్టి చెప్పాడు. ఎల్లుండి నుంచే చేపల పట్టు మొదలు. ఒక్కో తెప్ప మీద ఇద్దరు, ఒకరు వల, ఒకరు తెడ్డు. జత లేనివాళ్లు గట్టు మీదే ఉండాలి. అందరూ జతల పేర్లు చెప్పారు. యమున వంతు వచ్చేసరికి పరమేశ్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు. “రేపు జెప్త” అంది ఆమె.

సాయంత్రం డాబా మీద వల ఆరేస్తూ ఎల్లేష్‌ను పిలిచింది. వాడు అప్పుడే కొంపల్లిలో కరెంటు స్కూటర్ల షోరూమ్ వాళ్లతో ఫోన్లో మాట్లాడి పెట్టేశాడు. ఎల్లుండే పనిలో చేరమన్నారు.

“ఎల్లేషూ, ఒకటి అడుగుత. ఎగవెట్టకు.”

“ఏంది వదినా?”

“నీకు ఈత వస్తది. చెర్వు నీకెరుకే. మీ అన్నను తోలుకపోతే ఆయనను నేనే మొయ్యాలె.” వల కొస ఒకటి వాడి చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని గట్టిగా పిండింది. “నీకు నాలుగు దినాలల్ల విసుగొస్తదని నాకెర్క. వచ్చినా సరే, పట్టు అయిపోయేదాంక ఉండాలె. వల నేను ఇసురుత. నువ్వు నా తెప్ప మీద తెడ్డు వట్టు.”