బతికున్న మనిషికి వీరగల్లు

మేజర్ రామచంద్ర బతికుండగానే మా ఊరివాళ్ళు ఆయనకు వీరగల్లు నాటారు. పుంగనూరు చుట్టుపక్కల ఈ రాళ్ళు కొత్తకాదు. ఎప్పుడో పశువుల కోసమో ఊరి కోసమో కొట్లాడి చనిపోయినవాళ్ళ బొమ్మలవి. పండగనాడు పాలు పోసి టెంకాయ కొడతాం. పోయినవాళ్ళకే నాటుతారని మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. శౌర్యచక్ర వచ్చిందన్న సంబరంలో పెద్దలకే అది గుర్తురాలేదు.

రామచంద్ర మా పెదనాన్న కొడుకు. మదనపల్లె కాలేజీలో ఎన్‌సీసీ పిచ్చి పట్టి, చివరికి ఆర్మీ ఆఫీసరయ్యాడు. ఒకసారి సెలవులో వచ్చి, మా చేనులో టమోటా గంపలు మోస్తున్న అంజినప్పను చూసి, "ఇంత ఒళ్ళు పెట్టుకోని ఈడేం చేస్తాండావురా? సెలక్షన్లకు పో" అన్నది ఆయనే. అంజినప్ప ఊరి బయట దళితుల కాలనీ పిల్లవాడు. పోయాడు, ఎంపికయ్యాడు, కొన్నేళ్ళకు అన్న కంపెనీలోకే వచ్చాడు.

కాశ్మీర్‌లో ఒక కొండవాలు మీద అన్న తొడలో తూటా దిగింది. అంజినప్ప పాక్కుంటూ పోయి ఆయన్ని బండ చాటుకు లాగాడు. లాగేటప్పుడు తగిలిన తూటాకు అక్కడే ప్రాణం వదిలాడు. అన్న పడుకునే తుపాకీ పేలుస్తూ, మిగతా జవాన్లందరూ కిందికి దిగేదాకా ఆ బండ విడవలేదు. ఆ పతకం అందుకే వచ్చింది. అంజినప్ప పెట్టె మీద జెండా కప్పి తెచ్చారు. మట్టి చేసి వచ్చాక మా ఊరు వాడి సంగతే ఎత్తలేదు.

అన్న చేతికర్రతో ఊరికొచ్చిన రోజే ఆ రాయి చూశాడు. మీసంతో సహా తనే. వదిన రేవతి ముఖం తిప్పుకుని, "దానికి పాలు పోస్తాంటే బతికుండే నా మొగుడికి దినాలు చేసినట్టుంటాది" అంది.

"ఇది పోయినోళ్ళకు పెట్టేది కదప్పా. పోయింది అంజినప్ప. ఇది పీకేసి వాన్ని పెట్టండి" అన్నాడు అన్న.

ఊరి పెద్ద చెంగల్రాయుడు నేలచూపులు చూస్తూ, "కాలనీలో పెట్టుకోమని చెప్దాంలేప్పా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్లవాడు లాగకపోతే అన్నే పోయుండేవాడు, ఈ రాయికి అర్థముండేది, పాపం వాళ్ళకు అదీ తట్టలేదు.

అన్న మంకుపట్టు పట్టాడు. అంజినప్ప రాయి ఊరి ముందరే ఉండాలి, ఆయనకిక వేరే ధ్యాస లేదు. కుప్పం పోయి రాతిపనివాళ్ళ దగ్గర కూర్చుని చెక్కించాడు. ఆ రాయి మీద ఒక మనిషి ఇంకొకణ్ణి చంకల కింద పట్టి లాగుతుంటాడు. ట్రాక్టర్‌లో వేసుకుని వచ్చాం. పతకం ఉన్న మనిషికి ఎదురు చెప్పే ధైర్యం లేక, ఊళ్ళో అందరూ తలుపులు మూసుకున్నారు.

మొదటి టెంకాయ అంజినప్ప తల్లి పూలమ్మ చేత కొట్టించాలని ట్రాక్టర్‌ను ముందు కాలనీకి తిప్పాం. పూలమ్మ గడపలో కూర్చుని చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. అన్న చెప్పిందంతా తల ఎత్తకుండా వింది.

"ఊరి ముందర పెడితే, వాన్ని ముట్టుకోవాలంటే నేను ఎవుర్ని అడగాలప్పా?"

"ఎవుర్నీ అడగొద్దమ్మా. నేనుండాను కదా."

"నువ్వుండావప్పా," అంది పూలమ్మ. "వాడే లేడు."

అన్న చేతికర్ర మీద ఇంకాస్త వాలాడు.

"వాన్ని నా ఇంటి ముందర దించి పో."

దించాం. కాలనీ మగవాళ్ళు నలుగురు సాయం పట్టారు. పూలమ్మ మళ్ళీ చింతపండు ముందేసుకుంది, మమ్మల్ని కూర్చోమని అనలేదు. మేము రోడ్డెక్కాక వెనక ఆమె ఏడుపు వినబడింది. అన్న ఆగాడు. కాశ్మీర్ కొండమీద బండ విడవని మనిషికి, ఆ నాలుగడుగులు వెనక్కి వేసే ధైర్యం లేకపోయింది.