ట్యాంకరు దగ్గర పెద్దరికం

ఆత్మకూరు, ఉదయగిరి మధ్య తిరిగే బస్సులో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ ఏడాదే నా భార్య పోయింది. మాకు పిల్లలు లేరు. ఉదయగిరి శివారులో మా వీధి. పొద్దున లేచింది మొదలు నాతో మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు. టీ అంగడి దాకా నడిచిపోయి, అవసరం లేకపోయినా వరికుంటపాడు బస్సు ఎన్నింటికని అడిగి వచ్చేవాణ్ణి.

ఆ ఎండాకాలం మా వీధి బోరు ఎండిపోయింది. రెండు రోజులకోసారి ట్యాంకరు వచ్చేది. అక్కడ ఒక పద్ధతంటూ లేదు. చేవ ఉన్నవాళ్లు పైపులు లాగి నేరుగా డ్రమ్ముల్లో వేసుకునేవాళ్లు. ఒకరోజు ఎనభై దాటిన అవ్వ ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెనక్కి పోవడం చూశాను. ఆమెను ఎవరూ వద్దనలేదు. పట్టుకునే స్వేచ్ఛ ఆమెకూ ఉంది. బిందెలోకి మాత్రం చుక్క రాలేదు.

తర్వాతి ట్యాంకరుకు నా పాత విజిల్ తీసుకుని పోయాను. గట్టిగా ఊది, అందరినీ వరసలో నిలబెట్టాను. ఇంటికి మూడు బిందెలు. పైపులు కుదరవు. మనిషి లేని బిందె లెక్కలోకి రాదు. ఆశ్చర్యం, అందరూ విన్నారు. అవ్వకు నీళ్లు దక్కాయి. "మామా, నా వంతెప్పుడు?" అని పది గొంతులు నన్నడిగేవి. ట్యాంకరు రాని రోజు ఎంతకీ గడిచేది కాదు. నిజం చెప్పాలంటే, న్యాయం కంటే ఆ పిలుపులే నాకు ఎక్కువ కావలసివచ్చాయి.

మా ఇంటికి రెండిళ్ల అవతల గొర్రెలు పెంచుకునే ఆమె ఉంది. ఒకరోజు పొద్దున ఆమె గొర్రె కొండ కింద ఈనుతోందని, బిందెలు వరసలో పెట్టి పక్కింటామెకు చెప్పి పోయింది. నేను ఆ బిందెలు పక్కకు జరిపాను. చీర కుచ్చెళ్లకు నెత్తుటి మరకలతో ఆమె పరుగున వచ్చేసరికి ట్యాంకరు ఖాళీ.

"నా బిందెలు పక్కన పెట్టింది ఎవురు?"

"నేనే. మనిషి లేని బిందె లెక్కలోకి రాదమ్మా. అది రూలు."

"గొర్రె ఈనతా ఉండాదని పక్కింటామె చెప్పింది గదా?"

"ఒకరికి వదిలితే అందరికీ వదలాల."

"రూలు ఉండాల్సిందే మామా, నేను కాదనలా. ఈ రూలు ఎవురు పెట్టినారు?"

"నేనే."

"నిన్నెవురు పెట్టినారు?"

వరసలోకి చూశాను, ఎవరైనా "మేమే" అంటారేమోనని. నా చేత్తో నీళ్లు పట్టించుకున్నవాళ్లంతా తమ బిందెల్లోకి చూసుకుంటున్నారు.

ఆ సాయంత్రం వీధంతా బడి వరండాలో చేరింది. పొలాలున్న పెద్దాయన ఒకరు, "బాగానే జరగతా ఉండాది గదా, ఏందీ రచ్చ?" అన్నాడు.

"బాగా జరిగినా అడిగే దారి ఉండాల పెద్దాయనా," అంది ఆమె. "వానలు పడేదాకా ఒకర్ని ఎన్నుకుందాం. సరిగా చెయ్యకపోతే మార్చుకుందాం."

"సరే, ఇంటికొక ఓటు," అన్నాడు పెద్దాయన.

"మోసేది ఆడోళ్లం. మనిషికొకటి," అంది ఆమె.

ఆమెకూ నాకూ పోటీ పెట్టారు. బడి గదిలో మూతలున్న రెండు డబ్బాలు, ఆమెకొకటి, నాకొకటి; ఓటేసే ఒక్కొక్కరికి ఒక చింతగింజ. బయట అందరి ముందూ కుమ్మరించినప్పుడు నా డబ్బా నుంచి పడిన గింజలు ఒక గుప్పెట్లో పట్టేవి. వాటిలో ఒకటి నేను వేసుకున్నదే.

మరుసటి రోజు విజిల్ ఆమె చేతిలో పెట్టాను. వరసలో నిలబడి, పట్టుకుని, నేరుగా ఇంటికి వచ్చేవాణ్ణి. వారానికోసారి వరండాలో కూర్చుని ఏం మార్చాలో మాట్లాడుకునేవాళ్లు. నన్నూ పిలిచారు. రోషంతో పోలేదు. తలుపు వేసుకుని, అక్కడి నుంచి వచ్చే నవ్వులు వింటూ కూర్చునేవాణ్ణి.

తర్వాత నాకు జ్వరం వచ్చింది. మంచం దిగలేకపోయాను. ట్యాంకరు వచ్చిన చప్పుడు, వెళ్లిన చప్పుడు విన్నాను. కాసేపటికి ఆమె రెండు బిందెలు మోసుకుని లోపలికి వచ్చింది.

"నామీద జాలి పడొద్దమ్మా," అన్నాను.

"జాలేంది మామా? జబ్బు చేసినోళ్ల ఇంటికి నీళ్లు పంపాలని మొన్న అందరం అనుకున్నాం. నువ్వు రాలా. వచ్చింటే నీకూ తెలిసేది."

నేను విజిల్ ఊదిన రోజుల్లో మంచం పట్టినవాళ్లు ఈ వీధిలో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. అడగాలని తోచనేలేదు. వరసలోకి రాగలిగినవాళ్లే నాకు కనిపించారు.

"కాసేపు కూర్చోమ్మా," అన్నాను.

"ఇంకా రెండిళ్లకు పోవాల మామా," అని ఆమె గబగబా వెళ్లిపోయింది. మూత తీసి గ్లాసు ముంచుకున్నాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. మళ్లీ వరండాలో కూర్చునేది ఏ రోజో అడగడం మరిచిపోయానే అనుకుంటూ తాగాను.