మూడుసార్లు మిషన్‌లోకి

మా అన్న చేతిలోంచి టీ గ్లాసు జారిపడిన పొద్దున నేను అతన్ని తిట్టాను. దుబాయ్ సత్వాలో ఆరుగురం ఉండే గది. కరోనా సద్దుమణిగి పనులు మళ్ళీ మొదలైన ఏడాది. అన్న సైటులో షట్టరింగ్ కార్పెంటర్, నేను లాండ్రీ బండి డ్రైవర్ని.

"ఎండ గొట్టినట్టుంది, చెయ్యి తిమ్మిరెక్కింది" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

"రాత్రంతా ఫోన్ జూస్తె ఇట్లనే ఉంటది. సప్పుడు జేయక పండుకో" అనేసి డ్యూటీకి పోయాను. నా అంత తెలివితక్కువవాడు ఆ రోజు దుబాయ్‌లో ఇంకొకడు ఉండడు. సాయంత్రం వచ్చేసరికి అన్న కుడిచెయ్యి పూర్తిగా పడిపోయి ఉంది.

ఆసుపత్రిలో వెండి మొలతాడు విప్పించి నా చేతికిచ్చి, అన్నను ఎమ్మారై గదిలోకి తీసుకెళ్ళారు. అంత పెద్ద మిషను, గోడ ఇవతలికి కూడా వినిపించే చప్పుడు. లోపల అది మెదడును బాగుచేస్తోందనే అనుకున్నాను. ఊళ్ళో ఉన్న వదినకు ఫోన్ చేసి ధైర్యం చెప్పాను.

"మిషన్ల వెట్టిండ్రు వదినే. ఇగ ఏం గాదు."

మర్నాడు కాలు కూడా పోయింది. మళ్ళీ మిషన్‌లో పెట్టారు. వదిన గొంతులో ప్రాణం లేచొచ్చింది.

"రెండోసారి గూడ వెట్టిండ్రా తమ్మీ? మంచిగనే అర్సుకుంటున్నరు."

ఆ సాయంత్రం డాక్టర్ నన్ను పిలిచి రెండు ఫోటోలు పక్కపక్కన చూపించాడు. నిన్న చిక్కుడు గింజంత ఉన్న తెల్లమచ్చ ఇవాళ గుప్పెడంత అయింది. మిషన్‌లో పెట్టినా ఎందుకు తగ్గలేదని అడిగాను.

"యే సిర్ఫ్ ఫోటో హై భాయ్. ఇలాజ్ నహీ."

ఫోటో మాత్రమేనట, వైద్యం కాదట. జబ్బు ఎంతవరకు పాకిందో చూసుకోవడానికట. మెదడు నరంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే మందు మొదటి కొన్ని గంటల్లోనే ఇవ్వాలట. ఎప్పుడు మొదలైందని మొదటిరోజు ఆయన అడిగితే, పొద్దున అని చెప్పింది నేనే. వేళ దాటిపోయిందని అది రాసుకున్నప్పుడే ఆయనకు తెలుసని నాకు ఇప్పుడర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను.

వదినకు చెబుదామని ఫోన్ తీశాను. మళ్ళీ జేబులో పెట్టేశాను.

మూడోరోజు అన్న కళ్ళు తెరవలేదు. మూడో ఫోటోలో ఎడమవైపు మెదడంతా తెల్లబడి, వాచి, రెండోవైపును నెడుతోంది. ఊళ్ళో మాత్రం వదిన వాడకట్టంతా చెప్పుకుంది, మూడుసార్లు మిషన్‌లో పెట్టారని.

నాలుగోరోజు, ఇక ఫోటో తీసి చూసేదేమీ లేదన్నాడు డాక్టర్.

"ఇయ్యాల వెట్టలేదా?" అంది వదిన. "ఎందుకు వెట్టలే? మూడుసార్లు వెట్టినోళ్ళు ఇంకొక్కసారి వెట్టరా? నువ్వు గట్టిగ అడుగలే గావచ్చు. కాళ్ళన్న మొక్కి అడుగు తమ్మీ."

"అడుగుత వదినే" అన్నాను.

అన్న ఆ రాత్రి దాటలేదు. మొలతాడు జేబులో పెట్టుకుని, శవపేటికతో ఊరికెళ్ళాను. దినాల నాడు అందరి ముందూ వదిన నన్ను నిలదీసింది.

"అడిగినవా, అడుగలేదా? నిజం జెప్పు."

"అడుగలేదు వదినే."

అప్పటినుంచి ఆమె నాతో మాట్లాడదు. నాలుగోసారి పెట్టించి ఉంటే బతికేవాడని ఈనాటికీ అందరితో అంటుందట. అననీ. టీ గ్లాసు సంగతి ఆమెకు నేనింకా చెప్పలేదు.