అర అంగుళం

మాస్టారు కూతురితో తగువుపడి గెలిచిన రోజు నేను ఆయన దుకాణంలోనే ఉన్నాను. గుండీలు కుట్టేది నేనే.

ఆయన ఒక కత్తెర, ఒక టేపు పట్టుకుని సముద్రం దాటి ఈ దేశం వచ్చిన దర్జీ. వంగి వంగి కుట్టి కూతురిని చదివించాడు. ఆ పిల్ల ఆఫీసు ఉద్యోగం మానేసి, తానూ దర్జీనవుతానంది.

"నీ మెడ వంగకూడదని కదటే నా మెడ వంచింది?" అన్నాడు. చివరికి, "తప్పు లేకుండా ఒక్క కోటు కుట్టు, ఒప్పుకుంటాను" అన్నాడు.

పిల్ల ఆయన కొలతలతోనే పది రోజులు కుట్టింది. మాస్టారు కోటును బల్ల మీద పరిచి టేపు పెట్టాడు. ఎడమ చెయ్యి కుడిదానికన్నా అర అంగుళం పొడుగు!

"ఒక్కసారి తొడుక్కో నాన్నా."

"తప్పు కోటు తొడుక్కునే ఖర్మ నాకింకా పట్టలేదు."

నేనూ ఊరుకోలేదు. "ఆఫీసు కాగితమైతే చెరిపి రాసుకునేదానివి తల్లీ" అని నవ్వాను. పిల్ల కోటు అక్కడే వదిలి వెళ్లిపోయింది. బస్సులో గంట ప్రయాణమంత దూరంలో సొంత దుకాణం పెట్టుకుంది. ఏడేళ్లు గడిచాయి, మాటల్లేవు.

మొన్న వానలో మాస్టారి కోటు తడిసింది. చలికి ఆగలేక కొక్కేనికున్న, పిల్ల కుట్టిన ఆ పాత కోటే తొడుక్కున్నాడు. అద్దంలో చూసుకున్నాడు. రెండు చేతులూ సమానంగా మణికట్టు దగ్గర ఆగాయి.

"అక్కా, నా కుడి భుజం కిందికి జారిందా?" అని నన్నడిగాడు.

"జారి పదేళ్లయింది. ఊళ్లోవాళ్ల భుజాలన్నీ చూస్తారు, మీదే చూసుకోరు."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

ఎవరికీ జంకని నేను తల వంచుకుని సూదిలోకి దారం ఎక్కించసాగాను. ఆ కోటుకు గుండీలు కుట్టింది నేనే, అది ఆ భుజానికే కోసిందని నాకు తెలుసు. గెలిచేవాడి పక్కన నిలబడటం హాయిగా ఉండి ఊరుకున్నాను. ఆ పిల్ల మొహం ఇప్పటికీ కళ్ల ముందు నుంచి పోదు.

మాస్టారు కోటు విప్పి, మడతపెట్టి, సంచిలో పెట్టి నా చేతికిచ్చాడు.

"అమ్మాయి దుకాణానికి వెళ్లిరా అక్కా. చేతులు సరిగ్గా ఉన్నాయని నేనన్నానని చెప్పు. నేను చిక్కిపోయాను, నడుం దగ్గర లోపలికి తియ్యాలి. కొలతలడిగితే నీకు తెలీదను. తనే వచ్చి కొలతలు తీసుకోమను."